కుట్లు విప్పాక బాలింతను ఎవరు చూడాలి?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర ఒక పల్లె. నేను ఈ ఇంటి కోడలిని, డిగ్రీ వరకు చదువుకున్నాను. మా ఆడపడుచు తొలి కాన్పుకు హైదరాబాద్ నుంచి పుట్టింటికి వచ్చింది. ఒంగోలులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి పాపను తీశారు. ఎనిమిదో రోజు కుట్లు విప్పి, ఏమైనా ఉంటే రమ్మన్నారు. ఇవాళ్టికి 16 రోజులు. ఆమెను మళ్లీ ఎవరూ చూడలేదు. తొమ్మిదో నెలలో బీపీ కాస్త ఎక్కువుందని బిళ్లలు రాశారు. ఇంటికొచ్చాక అవి అయిపోయాయి, మళ్లీ తేలేదు. మా ఊరి ఆశా కార్యకర్తని అడిగితే పేరు హైదరాబాద్‌లో రాయించుకున్నారు కాబట్టి తన రిజిస్టర్‌లో లేదంది. ఒకసారి డాక్టరుకు చూపిద్దామంటే మా అత్తమ్మ పచ్చి బాలింతను గడప దాటించకూడదంటారు. నేను చదువుకున్నానని వంకలు పెడుతున్నానని కూడా అన్నారు. ఆడపడుచేమో 'నాకేం లేదు వదినా, మళ్లీ ఖర్చెందుకు' అంటుంది. సాయంత్రమైతే ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. కాన్పు అయిపోయాక కూడా ఆస్పత్రికి వెళ్లడం నిజంగా అవసరమా? అవసరమైతే మన ఇళ్లల్లో ఎందుకు వెళ్లరు? మా అత్తమ్మకు ఎలా చెప్పాలి? - పేరు వద్దన్నారు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే మీరు రాసిన ఫోను నంబరుకు ఒక్క మాట పంపించాను. ముందు ఆమెకు బీపీ చూపించండి, తక్కినవి తర్వాత మాట్లాడుకుందాం అని. మీరు చూపించే ఉంటారు. అయినా మిగతా పాఠకుల కోసం అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఉత్తరంలో గడప గురించి, అత్తమ్మ మాటల గురించి రాశారు. బీపీ గురించి రాసింది మాత్రం రెండు ముక్కలు. నాకు టెన్షన్ పెట్టింది ఆ రెండు ముక్కలే. గర్భంలో వచ్చిన బీపీ కాన్పుతోనే పోతుందని అందరూ అనుకుంటారు. చాలామందికి కొన్ని వారాల్లో పోయే మాటా నిజమే. కానీ కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు లోపల అది ఇంకాస్త పెరుగుతుంది. అంటే సరిగ్గా ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే రోజులన్నమాట. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనే ఫిట్స్ కాన్పుకు ముందే కాదు, కాన్పయ్యాక కూడా రావచ్చు. తొలి రెండు మూడు రోజుల్లో ఎక్కువ. తర్వాత ముప్పు తగ్గుతుంది గానీ ఆరు వారాల దాకా పూర్తిగా పోయిందని అనుకోవడానికి లేదు. అందుకే గర్భంలో బీపీ ఉన్నవాళ్లకు కాన్పయిన మూడు రోజుల్లోపు ఒకసారి, పది రోజుల్లోపు ఇంకోసారి చూడాలంటారు. బిళ్లలు ఎప్పుడు ఆపాలో చెప్పాల్సింది డాక్టరు. సీసా ఖాళీ అయిందని మనకు మనం ఆపేయకూడదు. పైన 140 గానీ కింద 90 గానీ దాటితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పైన 160 గానీ కింద 110 గానీ అయితే అది 108కి ఫోన్ చేసే సంగతి.

108కి ఫోన్ చేయాల్సినవి ఇంకా ఉన్నాయి. వీటికి ముహూర్తాలు, గడపలు, రిజిస్టర్లు ఏవీ అడ్డు రాకూడదు. మామూలుగా రానంత తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి. గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోయేంత రక్తస్రావం. ఆయాసం, గుండెల్లో నొప్పి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, కుట్ల దగ్గర చీము, దుర్వాసన. వింతగా మాట్లాడటం, తనకో బిడ్డకో ఏమైనా చేసుకోవాలనిపిస్తోందనడం. ఇలాంటప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు 'చెవుల్లో దూది పెట్టుకోలేదు, చలిగాలి తగిలింది' అంటారు. అనుకోనివ్వండి. ఫోన్ మాత్రం చేయండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మన ఇళ్లల్లో బాలింతలు ఎందుకు వెళ్లరు?

నేను ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే సర్కారు నర్సుగా చేరి, సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నంత కాలం ఈ ప్రశ్నకు రెడీగా ఉండే జవాబు ఒకటి విన్నాను. 'వాళ్లకు అవగాహన లేదండీ.' మీటింగుల్లో అదే, రిపోర్టుల్లో అదే. నేనది ఒప్పుకోను. నెల నెలా చెకప్‌కు వెళ్లి, స్కానింగులు తీయించుకుని, రక్తపరీక్షలు చేయించుకున్న అమ్మాయి కాన్పవగానే ఉన్నట్టుండి అవగాహన లేనిదైపోతుందా? ఆమె మారలేదు. ఆమె చుట్టూ ఉన్న ఏర్పాటు మారిపోయింది. మీకు నమ్మకం కలగకపోతే మీ ఇంట్లోనే ఉన్న ఒక వస్తువు చూపిస్తాను.

మీ ఆడపడుచు టీకాల కార్డు ఉంటుంది కదా, తల్లీబిడ్డల సంరక్షణ కార్డు. అది తీసి చూడండి. గర్భంతో ఉన్నప్పటి పేజీ నిండా బరువు, బీపీ, హిమోగ్లోబిన్ అంకెలు ఉంటాయి. వెనక బిడ్డ టీకాల పేజీలో పుట్టినప్పుడు, 6 వారాలు, 10 వారాలు, 14 వారాలు అని గడులు గీసి ఉంటాయి. ఏ తేదీన ఏ సూది వేయాలో నర్సు పెన్సిల్‌తో ముందే రాసిపెడుతుంది. ఈ రెంటికీ మధ్యలో కాన్పు తర్వాత తల్లిని చూసి నింపాల్సిన గడులు కొన్ని ఉంటాయి. నాడి, బీపీ, జ్వరం, రొమ్ములు, గర్భసంచి, రక్తస్రావం, కుట్లు. నేను తిరిగిన ఇళ్లల్లో ఎక్కువ కార్డుల్లో ఆ గడులు తెల్లగానే ఉండేవి. బాగా నింపినవాళ్లు మొదటి రోజుది నింపేవాళ్లు, అదీ ఆస్పత్రిలో ఉండగా.

డబ్బుల సంగతీ అంతే. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు 5,000 రూపాయలు ఇస్తారు. చివరి విడత ఎప్పుడు పడుతుంది? బిడ్డ పుట్టుక నమోదై, మొదటి దఫా టీకాలు పూర్తయితే. తెలంగాణలో కేసీఆర్ కిట్ నడిచినప్పుడు కూడా కాన్పు తర్వాతి వాయిదాలు బిడ్డ మూడున్నర నెలల టీకాకూ తొమ్మిది నెలల టీకాకూ ముడిపెట్టారు. టీకాలకు ముడిపెట్టడం మంచిదే, పిల్లలకు సూదులు పడ్డాయి. తల్లి బీపీకి మాత్రం ఎవరూ ఏదీ ముడిపెట్టలేదు. బిడ్డకు తేదీ ఉంది, కార్డులో గడి ఉంది, ఫోన్ చేసి గుర్తుచేసే మనిషి ఉంది. తల్లికి ఉన్నదల్లా 'ఏమైనా ఉంటే రండి' అన్న మాట. ఆ 'ఏమైనా' ఉందో లేదో తేల్చుకోవాల్సింది నిద్రలేక, నొప్పితో, తొలిసారి తల్లైన పాతికేళ్ల పిల్ల. పైగా బీపీ అనేది పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు. ఏమీ లేదనుకునే మనిషి ఎందుకు వెళుతుంది?

లెక్కల్లో ఇది కనిపించదు. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 100 కాన్పుల్లో 96కు పైగా ఆస్పత్రుల్లోనే అయ్యాయి. కాన్పయిన రెండు రోజుల్లోపు ఆరోగ్య సిబ్బంది చూసిన తల్లులు దేశం మొత్తం మీద 78 శాతం. వినడానికి బాగుంది. కానీ ఆ 'రెండు రోజుల్లోపు' అన్న మాట దగ్గర ఆగండి. అదే సర్వేలో ఆపరేషన్ కాన్పులు ఆంధ్రలో 42 శాతం, తెలంగాణలో 60 శాతం పైన. ఆపరేషన్ అయిన మనిషి రెండు రోజులూ ఆస్పత్రి మంచం మీదే ఉంటుంది, రౌండ్లకు వచ్చిన డాక్టరు చూడకుండా ఎలా ఉంటారు? లెక్కలోకి వచ్చింది ఆ చూపే. ఇంటికొచ్చాక మూడో రోజు నుంచి 42వ రోజు వరకు ఏం జరిగిందో ఆ అంకె చెప్పదు. మీ ఆడపడుచు కూడా ఆ సర్వేవాళ్ల లెక్కలో వైద్యం అందిన తల్లే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏం చెబుతుందంటే, మామూలు కాన్పయినా కనీసం 24 గంటలు ఆస్పత్రిలో ఉంచాలి. ఆ తర్వాత రెండు మూడు రోజుల మధ్య ఒకసారి, 7 నుంచి 14 రోజుల మధ్య ఒకసారి, ఆరో వారంలో ఒకసారి తల్లినీ బిడ్డనూ చూడాలి. మన దగ్గర ఈ పని ఆశాల మీద పెట్టారు. ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. ఆపరేషన్ అయితే ఇంటికొచ్చినప్పటి నుంచి లెక్క. జాతీయ కార్యక్రమం లెక్కలో ఈ తిరుగుళ్లన్నింటికీ కలిపి పెట్టింది 250 రూపాయలు. ఆమె నింపే ఫారంలో తల్లి గురించి ప్రశ్నలూ ఉంటాయి. కానీ ఆ కార్యక్రమం పేరే ఇంటి దగ్గర నవజాత శిశువు సంరక్షణ. ఆమె సంచిలో బిడ్డను తూచే త్రాసు ఉంటుంది, థర్మామీటరు ఉంటుంది, బీపీ మిషన్ ఉండదు.

ఒకసారి కొత్తగా చేరిన ఆశాతో కలిసి ఒక ఇంటికి వెళ్లాను. త్రాసుకు గుడ్డ ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెట్టేసరికి ఇల్లంతా చుట్టూ చేరింది. ముల్లు ఎక్కడ ఆగిందో చూడటానికి పక్కింటివాళ్లు కూడా వచ్చారు. బాలింత లోపలి గది తలుపు వెనక నులకమంచం మీద కూర్చునుంది. తలకు గుడ్డ, చెవుల్లో దూది, చేతిలో బిడ్డ బట్టలు. ఎలా ఉన్నావమ్మా అని నేను అడిగితే జవాబు బయట నుంచి వచ్చింది: 'బాగానే ఉందండీ, అన్నం తింటోంది, పాలు పడ్డాయి.' చెప్పింది వాళ్లమ్మ. అందరినీ కాసేపు బయటికి పంపి తలుపు వేసి మళ్లీ అడిగాను. మూత్రానికి వెళితే మంట, రెండు రోజులుగా చలిజ్వరం, అమ్మ ముందు చెప్పడానికి సిగ్గు. జ్వరం 101 ఉంది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆమెను విడిగా అడిగినవాళ్లే లేరు.

మీ కేసులో ఇంకో మెలిక ఉంది, అది మన ప్రాంతంలో మామూలే. తొలి పురుడు పుట్టింట్లో పోసుకోవడం. గర్భంలో ఉండగా పేరు రాయించింది మెట్టినింటి దగ్గర. కాన్పు వేరే ఊళ్లో ప్రైవేటు ఆస్పత్రిలో. బాలింతగా ఉండేది మూడో ఊళ్లో. ఈ మూడు చోట్లా ఎవరి రిజిస్టర్ వాళ్లది. హైదరాబాద్ ఆశా 'ఊరెళ్లింది' అని రాసుకుంటుంది, మీ ఊరి ఆశా 'మన పేరు కాదు' అంటుంది, ఆస్పత్రివాళ్లు బిల్లు కట్టించుకుని కుట్లు విప్పి పంపేశారు. సర్కారు దవాఖానాలో కాన్పయితే కనీసం తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఇంటి దగ్గర దింపుతుంది, ఆ కబురు కింది సిబ్బందికి చేరే వీలుంది. ప్రైవేటులో అదీ లేదు. ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లకు ఎక్కువ వైద్యం అందుతుందనే లెక్క ఇక్కడ తలకిందులవుతుంది.

దూరం, చదువు, చేతిలో డబ్బు, ఎన్నో కాన్పు అన్నవి ఎంత పనిచేస్తాయో మన దేశంలోనూ బయటా చాలామంది పరిశీలించారు. చదువుకున్నవాళ్లు, గర్భంలో చెకప్‌లకు సరిగ్గా వెళ్లినవాళ్లు, తొలి కాన్పువాళ్లు కొంచెం ఎక్కువగా వెళతారు. రెండో మూడో కాన్పు తల్లులు 'మనకు తెలియనిదా' అని ఊరుకుంటారు. ఇవన్నీ నిజమే. అయితే మన పల్లెల్లో వీటికంటే గట్టిగా పనిచేసేది ఖర్చు ఎవరిదన్న మొహమాటం. పురుడు ఖర్చు పుట్టింటిది. ఆపరేషన్‌కు మీవాళ్లు ఎంత పెట్టారో ఆ అమ్మాయికి తెలుసు. అన్నయ్య ఎక్కడ అప్పు చేశాడో కూడా తెలిసి ఉంటుంది. రేపు బారసాల ఉంది, పాపకు పెట్టాల్సినవి ఉన్నాయి. ఇప్పుడు మళ్లీ కారు మాట్లాడి ఒంగోలు తీసుకెళ్లమని ఏ మొహంతో అడుగుతుంది? 'నాకేం లేదు వదినా' అన్నది ఒంట్లో బాగుందని చెప్పడం కాదమ్మా. మీకు భారం కాకూడదని.

కాబట్టి ఒంగోలు మాట వదిలేయండి. ఈ విడతకు కావాల్సిందంతా మీకు దగ్గర్లోనే ఉంది. మీ గ్రామంలోనో పక్క గ్రామంలోనో విలేజ్ హెల్త్ క్లినిక్ ఉంటుంది, అక్కడ ఏఎన్ఎం, సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) ఉంటారు. బీపీ చూడటం, హిమోగ్లోబిన్ చూడటం, కుట్లు చూడటం వాళ్ల పనే, పైసా తీసుకోరు. బాలింతను గడప దాటించకూడదంటే ఏఎన్ఎంను గడప లోపలికి పిలవండి. మీ అత్తమ్మ నియమం అత్తమ్మకు ఉంటుంది, బీపీ బీపీకి చూసినట్టవుతుంది. ఆశాతో రిజిస్టర్ గురించి గొడవ పెట్టుకోకండి. పురుటికి వచ్చినవాళ్లు కూడా ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లు ఆమె చూడాల్సినవాళ్లేనని ఏఎన్ఎం చేత చెప్పించండి. కార్డు మీద ఉన్న ఆర్‌సీహెచ్ నంబరు, అంటే గర్భిణిగా పేరు రాయించుకున్నప్పుడు ఇచ్చిన నంబరు చూపిస్తే పాత వివరాలు వాళ్లు వెతుక్కోగలరు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం కాన్పు తర్వాత 42 రోజుల వరకు తల్లికి ఏ ఇబ్బంది వచ్చినా సర్కారు ఆస్పత్రిలో వైద్యం, మందులు, పరీక్షలు ఉచితం. బీపీ ఎక్కువుందని తేలితే కనిగిరి ఆస్పత్రికి తీసుకెళ్లండి, మళ్లీ ఆ ప్రైవేటుకే పోనక్కర్లేదు. పాత డిశ్చార్జి కాగితాలు మాత్రం వెంట తీసుకెళ్లండి.

ఇక మీ అత్తమ్మ. ఆవిణ్ణి మూఢనమ్మకాల మనిషిగా చూడకండి. బాలింతకు వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి, వేన్నీళ్లు, సాంబ్రాణి పొగ, గాలి తగలకుండా కట్టడి ఎందుకొచ్చాయనుకున్నారు? ఆ తరం బాలింత జ్వరంతో పోయినవాళ్లను కళ్లారా చూసింది. ప్రతి ఇంట్లోనూ కాన్పయిన పదో రోజునో పన్నెండో రోజునో పోయిన మేనత్తో పిన్నమ్మో ఒకరుండేవారు. ఈ నలభై రోజులూ గండమని డాక్టర్ల కంటే ముందు ఆవిడకు తెలుసు. ఇప్పుడు కాన్పు చావులు బాగా తగ్గాయి. 2018-20 లెక్కల ప్రకారం ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు దేశంలో చనిపోయింది 97 మంది తల్లులు, ఆంధ్రలో 45 మంది, తెలంగాణలో 43 మంది. మిగిలిన ఆ కొద్దిమందిలోనూ ఎక్కువ మంది బిడ్డను కన్న తర్వాతే పోతున్నారు. అంటే అత్తమ్మ భయంలో తప్పు లేదు. 'మీ కాలం వేరు, మా కాలం వేరు' అన్నారంటే ఆ క్షణంలోనే ఆవిడ చెవులు మూసుకుంటారు. దానికి బదులు 'మీ రోజుల్లో బాలింతలకు ఏమయ్యేది అత్తమ్మా' అని అడగండి. ఆవిడే చెబుతారు. ఆ మాటల మీద 'అందుకే నర్సమ్మను ఒకసారి ఇంటికి పిలిపిద్దాం' అంటే కాదనడం కష్టం.

పథ్యం మీద యుద్ధం పెట్టుకోకండి. వెల్లుల్లి కారంతో ఎవరికీ ఏమీ కాదు. మూడు విషయాల్లో మాత్రం పట్టుబట్టండి. ఒకటి నీళ్లు. దాహమైనా గుక్కెడే ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆపరేషన్ అయి పాలిచ్చే మనిషికి అది మలబద్ధకం, మూత్రంలో మంట, గడ్డకట్టే రక్తం. కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వండి, గోరువెచ్చగానే ఇవ్వండి, కావలసినన్ని ఇవ్వండి. రెండోది నడక. పగలంతా మంచం మీదే ఉంచకుండా ఇంట్లోనే అటూ ఇటూ తిరగనివ్వండి, పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది. మూడోది ఎర్ర బిళ్లలు. వేడి చేస్తాయని, విరేచనం నల్లగా అవుతుందని కాన్పవగానే ఐరన్ ఆపేస్తారు. కాన్పు తర్వాత 180 రోజులు, రోజుకొకటి వేసుకోవాలి. కాల్షియం కూడా ఆరు నెలలు వేసుకోవాలి, కానీ రెండూ ఒకేసారి కాదు. మన రెండు రాష్ట్రాల్లో ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. అందులో ఆపరేషన్‌లో పోయిన రక్తం అదనం. కూరలో గుడ్డు, పప్పు ఉంటే పథ్యం చెడదని అత్తమ్మకు నర్సు చేత చెప్పించండి, మీరు చెప్పొద్దు.

మీకు ఇంకో దారి ఉంది, అది అల్లుడిగారు. ఆయన రోజూ రాత్రి ఫోన్ చేస్తూనే ఉంటారు, పాప ఫోటో పంపమంటారు. ఆయన చేత అత్తగారితో ఒక్క మాట అనిపించండి: 'అత్తయ్యగారూ, తనకు బీపీ చూపించారా, ఎంతుంది?' పుట్టింట్లో కూతురి మాటకంటే, కోడలి మాటకంటే అల్లుడి మాటకు ఎంత విలువుంటుందో నేను మీకు చెప్పాలా? ఇది న్యాయమేనా అంటే కాదు. కానీ ఇవాళ పని జరగాలి. ఖర్చు తాను చూసుకుంటానని కూడా అంటే ఆ అమ్మాయి మనసు మీద బరువు సగం దిగుతుంది. బిడ్డ తనదైనప్పుడు బిడ్డ తల్లి బాధ్యత నలభై రోజుల పాటు పుట్టింటిది మాత్రమే ఎలా అవుతుందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

సాయంత్రాలు కళ్లనీళ్ల సంగతి చివరికి ఉంచాను, చిన్నదని కాదు. కాన్పయిన మొదటి పది పన్నెండు రోజులు ఊరికే ఏడుపు రావడం, చిరాకు చాలామంది తల్లులకు ఉంటుంది, దానంతటదే పోతుంది. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మీరు రాసేనాటికే 16 రోజులు. ఇక్కడ డాక్టరు కంటే ముందు పనికొచ్చేది మీరే. వదినవి, ఈడుదానివి, వాళ్లమ్మవి కావు. పాప పడుకున్న వేళ చూసి పక్కన కూర్చోండి. పాప పడుకున్నప్పుడైనా నిద్ర పడుతోందా? పాపను ఎత్తుకుంటే ఏమనిపిస్తోంది? ఆడపిల్ల పుట్టిందని ఎవరైనా ఏమైనా అన్నారా? పాలు చాలడం లేదని దెప్పుతున్నారా? బతకాలని లేదనిపించిందా ఎప్పుడైనా? ఆఖరి ప్రశ్న అడగడానికి నోరు రాదు. అడిగితే కొత్తగా ఆలోచన పుడుతుందేమోనని భయపడతాం. అలా పుట్టదు, అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. కాదంటే, కానీ దిగులు పోవడం లేదంటే, 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిదే, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు ఉన్నాయి, కాబట్టి పాలు మాన్పించాల్సి వస్తుందేమోనని వెనకాడొద్దు.

అదే కూర్చున్నప్పుడు కింది సంగతులూ అడగండి. మూత్రం మంట, దగ్గితే తుమ్మితే కారడం, రొమ్ములో గడ్డ, చనుమొనలు చిట్లడం, రక్తస్రావం తగ్గుతోందా మళ్లీ ఎర్రగా ఎక్కువైందా. ఇవి వాళ్లమ్మకు చెప్పదు, మీకు చెబుతుంది.

నలభై ఐదో రోజు చూపిస్తే చాలదా అని మీకు అనిపించి ఉంటుంది. బీపీ కేసులో చాలదు, ఇప్పటికే చెప్పాను. కానీ ఆ చూపు కూడా వదలకూడదు, దాన్ని పాప ఆరు వారాల టీకాతో కలపండి. మన దగ్గర టీకాలు బుధవారం, శనివారం వేస్తారు. పాపను తీసుకెళ్లేది ఎలాగూ తీసుకెళతారు, ఆడపడుచును కూడా వెంటబెట్టుకెళ్లండి. బిడ్డను అమ్మమ్మ ఎత్తుకెళ్లి సూది వేయించుకొచ్చి, తల్లి ఇంట్లోనే ఉండిపోవడం మన దగ్గర మామూలైపోయింది. ఆ రోజు బీపీ, హిమోగ్లోబిన్, కుట్లు చూడమనండి. గర్భంలో షుగరు కూడా ఉందని రాసి ఉంటే గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష అడగండి. కార్డులో ఖాళీగా ఉన్న గడులు నింపమనండి. మళ్లీ గర్భం రాకుండా ఏం వాడాలో కూడా ఆ రోజే తేల్చుకోవాలి. నెలసరి రాకముందే గర్భం వచ్చినవాళ్లను నేను చూశాను. ఆపరేషన్ అయిన కడుపుకు కనీసం రెండేళ్లు వ్యవధి కావాలి. కాపర్ టీ ఉంది, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ ఉంది, రెండూ సర్కారు ఆస్పత్రుల్లో ఉచితం. ఈ మాట ఎత్తేటప్పుడు అల్లుడిగారు ఊళ్లో ఉంటే ఇంకా మంచిది.

మూడో నెలలోనో ఐదో నెలలోనో ఆమెను హైదరాబాద్ పంపుతారు కదా. గర్భంలో బీపీ వచ్చిన ఆడవాళ్లకు పెద్దయ్యాక బీపీ, గుండె జబ్బుల ముప్పు మామూలు కంటే ఎక్కువ. అక్కడ వాళ్లింటి దగ్గర బస్తీ దవాఖానా ఎక్కడుందో అల్లుడిగారిని ఇప్పుడే కనుక్కోమనండి. వెళ్లిన వారంలో ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారైనా బీపీ చూపించుకోవాలి. ఏ డాక్టరు దగ్గరికి దేనికి వెళ్లినా 'గర్భంలో నాకు బీపీ ఉండేదండీ' అని ముందే చెప్పడం అలవాటు చేయండి.

ఏఎన్ఎం వచ్చి చూసి వెళ్లాక బీపీ ఎంతుందో నాకు రాయండి.